కాగితపు అర్పణలు (చైనా)

కాగితపు అర్పణలు అనగా చైనీయులు మరణించిన తమవారి కొరకు కాగితంతో చేసిన ధనాన్ని, వస్త్రాలను, గృహాలను, ఇతర వస్తువులను అగ్నికి ఆహుతి చేసే ఆచారం. ఈ లోకంలో కాల్చిన కాగితపు వస్తువు పరలోకంలో నిజమైన వస్తువుగా మారి, ఉద్దేశించిన వ్యక్తికి చేరుతుందని నమ్మకం. చైనా ప్రధాన భూభాగంలోను, తైవాన్, హాంకాంగ్, మకావ్‌లలోను, సింగపూర్, మలేషియా మొదలైన దేశాలలో స్థిరపడిన చైనీయులలోను ఈ ఆచారం వ్యాప్తిలో ఉన్నది. వియత్నాంలో కూడా దీనిని విస్తృతంగా పాటిస్తారు.

ఈ ఆచారం మతగ్రంథాల విధి వలన పుట్టినది కాదు. మృతులతో పాటు నిజమైన సంపదను పాతిపెట్టే పూర్వాచారానికి ప్రత్యామ్నాయంగా క్రమక్రమంగా ఏర్పడినది. బ్రతికినవారి ఆస్తికి నష్టం కలుగకుండా మరణించినవారి పట్ల బాధ్యత నెరవేర్చడం దీని మూలసూత్రం. వెయ్యి సంవత్సరాలుగా పండితులు, పాలకులు దీనిని వ్యర్థమనీ, మూఢనమ్మకమనీ విమర్శిస్తూ వచ్చినా ఆచారం ఆగలేదు. ప్రస్తుతం పొగ, అగ్నిప్రమాదాల కారణంగా దీనిపై మరల చర్చ జరుగుతున్నది.

పేర్లు, రకాలు

కాగితపు ధనాన్ని చైనా భాషలో "జిచియెన్" అంటారు. "జి" అనగా కాగితం, "చియెన్" అనగా ధనం. ఆంగ్లంలో దీనిని "జాస్ పేపర్" అని వ్యవహరిస్తారు. "జాస్" అనేది చైనా పదం కాదు. పోర్చుగీసు భాషలో దేవుడు అనే అర్థం గల పదం చైనా రేవు పట్టణాల వర్తకుల మిశ్రమ భాషలో రూపం మారి ఇలా ఏర్పడినది.

కాగితపు అర్పణలను స్థూలంగా నాలుగు రకాలుగా చెప్పవచ్చును.

1. నాణెపు గుర్తులు గల కాగితం: ముతక పసుపు కాగితంపై ఇనుప అచ్చుతో కొట్టి, మధ్యలో చతురస్రపు రంధ్రం గల పాతకాలపు నాణేల గుర్తులు వేస్తారు.
2. బంగారు, వెండి కాగితం: ముతక కాగితం మధ్యలో పలుచని లోహపు రేకు అతికిస్తారు. తైవాన్‌లో బంగారు కాగితాన్ని దేవతలకు, వెండి కాగితాన్ని పితరులకు, దిక్కులేని ప్రేతాలకు అర్పిస్తారు. ఇటువంటి కాగితాన్ని "యువాన్‌బావ్" అనే పడవ ఆకారపు కడ్డీలుగా మడచి కాల్చడం కూడా కలదు. పూర్వం చైనాలో చెలామణిలో ఉన్న వెండి కడ్డీల ఆకారం ఇదే.
3. పరలోకపు నోట్లు: ఆధునిక కరెన్సీ నోట్లను పోలి ఉంటాయి.
4. వస్తువుల ప్రతిరూపాలు: వెదురు బద్దల చట్రంపై రంగు కాగితం అతికించి చేసిన ఇళ్లు, గుర్రాలు, పల్లకీలు, సేవకుల బొమ్మలు, నేటి కాలంలో కార్లు, టెలిఫోన్లు మొదలైనవి.

చరిత్ర

నిజమైన వస్తువుల నుండి ప్రతిరూపాలకు

ప్రాచీన చైనాలో మృతులతో పాటు వారికి అవసరమని భావించినవన్నీ సమాధిలో ఉంచేవారు. షాంగ్ వంశపు చివరి రాజధాని అయిన అన్యాంగ్ వద్ద (క్రీ.పూ. 13 - 11 శతాబ్దాలు) బయల్పడిన రాజ సమాధులలో కంచు పాత్రలు, గవ్వలతో పాటు బలి ఇవ్వబడిన మనుషుల అస్థికలు కూడా లభించాయి. ఆ కాలంలో గవ్వలను విలువైన సంపదగా ఎంచేవారు.

తరువాతి శతాబ్దాలలో మనుషులకు బదులు కొయ్య, మట్టి బొమ్మలను, నిజమైన పాత్రలకు బదులు నమూనాలను ఉంచడం క్రమంగా పెరిగినది. ఇటువంటి సమాధి వస్తువులను "మింగ్‌చీ" అంటారు. షియాన్ నగరం దగ్గర 1974లో బయల్పడిన చిన్ షిహువాంగ్ చక్రవర్తి మట్టి సైన్యం ఈ మార్పునకు అందరికీ తెలిసిన ఉదాహరణ. చాంగ్‌షా నగరం వద్దనున్న మావాంగ్‌దుయ్ సమాధులలో (క్రీ.పూ. 2వ శతాబ్దం) మట్టితో చేసిన నాణేలు, మట్టితో చేసిన బంగారు పలకల నమూనాలు దొరికాయి. అనగా కాగితం వాడుకలోకి రాకముందే మృతులకు నకిలీ ధనం ఇచ్చే పద్ధతి ఉన్నదని తెలుస్తున్నది.

సమాధిలో విలువైన వస్తువులు లేనప్పుడు దొంగలు సమాధిని తవ్వే భయం కూడా తగ్గుతుంది. సంపద నేల పాలు కాకుండా కుటుంబానికే మిగులుతుంది.

కాగితం రాక

హాన్ రాజాస్థానంలో ఉద్యోగి అయిన త్సాయ్ లున్ క్రీ.శ. 105లో కాగితపు తయారీ విధానాన్ని మెరుగుపరచి చక్రవర్తికి నివేదించినట్లు చైనా చరిత్ర గ్రంథాలు పేర్కొంటున్నాయి. కాగితం చౌకై సామాన్యులకు అందుబాటులోకి వచ్చిన తరువాత అది మట్టి నమూనాల స్థానాన్ని ఆక్రమించసాగినది. పశ్చిమ చైనాలోని తుర్ఫాన్ ప్రాంతంలో గల అస్తానా సమాధులలో మృతులకు తొడిగిన కాగితపు చెప్పులు, టోపీలు లభించాయి. అక్కడి వాతావరణం మిక్కిలి పొడిగా ఉండుట వలన అవి చెడిపోలేదు. వాటిని పనికిరాని పాత దస్తావేజులను కత్తిరించి తయారుచేశారు. ఆ ముక్కలను విప్పి, జతపరచి చదివిన చరిత్రకారులకు ఆనాటి భూముల లెక్కలు, అప్పు పత్రాలు, జనాభా వివరాలు లభించడం విశేషం.

కాగితపు ధనాన్ని కాల్చడం తాంగ్ వంశ కాలం నాటికి రాజాస్థానంలోకి ప్రవేశించినది. షువాన్‌జోంగ్ చక్రవర్తి (పరిపాలన 712 - 756) కాలంలో వాంగ్ యు అనే అధికారి ప్రభుత్వ పూజాకార్యాలలో కాగితపు ధనాన్ని వాడినట్లు తాంగ్ చరిత్రలో నమోదైనది. పూర్వం నాణేలు పాతిపెట్టేవారనీ, తరువాత ప్రజలు వాటికి బదులు కాగితాన్ని వాడసాగారనీ ఆ చరిత్రలోనే చెప్పబడినది.

సోంగ్ వంశపు రాజధాని కైఫెంగ్ నగర జీవితాన్ని వర్ణిస్తూ మెంగ్ యువాన్‌లావ్ 1147లో పూర్తి చేసిన గ్రంథంలో, చింగ్‌మింగ్ పండుగకు వీధి దుకాణాల వారు కాగితాలను మేడల ఆకారంలో పేర్చి అమ్మేవారని ఉన్నది. కాగితపు అర్పణల అమ్మకం అప్పటికే ఒక స్థిరమైన వ్యాపారమని దీనిని బట్టి గ్రహించవచ్చును. 13వ శతాబ్దంలో చైనాను సందర్శించిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో కూడా తన యాత్రా వృత్తాంతంలో కాగితపు గుర్రాలను, సేవకుల బొమ్మలను, ధనాన్ని శవంతో పాటు దహనం చేయడాన్ని వర్ణించాడు.

జానపద కథ

ఈ ఆచారం పుట్టుకను గూర్చి ప్రజలలో ఒక హాస్య కథ ప్రచారంలో ఉన్నది. త్సాయ్ లున్ అన్నగారు కాగితం తయారీని సగమే నేర్చుకొని, నాసిరకం సరుకు చేసి, అమ్ముకోలేకపోయాడట. అతని భార్య ఒక ఉపాయం పన్ని చనిపోయినట్లు నటించినది. భర్త శవపేటిక ఎదుట ఏడుస్తూ కాగితాలు కాల్చగా, కొంతసేపటికి ఆమె లేచి కూర్చుండి, ఆ కాగితమంతా పరలోకంలో ధనంగా మారినదనీ, దానిని అక్కడి అధికారులకు ఇచ్చి తిరిగి వచ్చాననీ చెప్పినది. అది విన్న ఇరుగుపొరుగువారు ఎగబడి సరుకంతా కొన్నారట. ఇది చారిత్రక సత్యం కాదు. అయితే ఆచారాన్ని పాటించే ప్రజలే దానిని అమ్మకందారుల యుక్తిగా చెప్పుకొని నవ్వుకోగలరని ఈ కథ వలన తెలుస్తున్నది.

నమ్మకాలు

చైనీయుల సంప్రదాయంలో తల్లిదండ్రులను పోషించే బాధ్యత వారి మరణంతో ముగియదు. పరలోకంలో కూడా తిండి, బట్ట, ఇల్లు, ఖర్చులకు డబ్బు కావలెను. వాటిని సమకూర్చవలసినది సంతానమే. సంతానం లేనివారు, మరచిపోబడినవారు ఆకలితో తిరిగే ప్రేతాలవుతారని భావిస్తారు. అందువలన సొంత పితరులకే గాక దిక్కులేని ప్రేతాలకు కూడా కొంత ధనం కాలుస్తారు.

పరలోకం కూడా ఈ లోకపు ప్రభుత్వం వలెనే న్యాయస్థానాలు, గుమాస్తాలు, కోశాగారాలతో ఉంటుందని చైనీయుల ఊహ. మరణించినవారు పది న్యాయస్థానాల గుండా విచారణకు వెళతారు. వీటిలో అయిదవ న్యాయస్థానానికి అధిపతి "యన్‌లువో". ఈ పేరు సంస్కృతంలోని "యమరాజ" శబ్దం బౌద్ధమతం ద్వారా చైనా చేరి మారిన రూపం. అనగా తెలుగువారికి చిరపరిచితుడైన యమధర్మరాజే అక్కడ చైనా న్యాయాధిపతి వేషంలో కనిపిస్తాడు.

కోశాగారాన్ని గురించి మరొక నమ్మకం కలదు. ప్రతి మనిషి పుట్టేటప్పుడు పరలోకపు ఖజానా నుండి కొంత ధనం అప్పుగా తెచ్చుకుంటాడనీ, దానిని తిరిగి చెల్లించవలెననీ చెబుతారు. అప్పు ఎంత అనేది పుట్టిన సంవత్సరాన్ని బట్టి నిర్ణయమవుతుంది. పండితుడు హౌ చింగ్-లాంగ్ 1975లో ఫ్రెంచి భాషలో ప్రచురించిన గ్రంథంలో ఈ ఖజానా భావనను వివరంగా పరిశీలించాడు.

అగ్ని ద్వారా అర్పణ పంపే భావం భారతీయులకు కొత్త కాదు. వైదిక సంప్రదాయంలో హవిస్సును దేవతలకు చేరవేసేవాడు అగ్నిదేవుడే. అయితే కాగితపు ధనాన్ని కాల్చడం చైనాలోనే పెరిగిన ఆచారం.

కాల్చు సందర్భాలు

- అంత్యక్రియలు: శవయాత్ర దారి పొడవునా కాగితపు నాణేలు చల్లుతారు. దారిలోని ప్రేతాలకు ఇది సుంకం వంటిది. తెలుగునాట శవయాత్రలో పేలాలు, చిల్లర నాణేలు చల్లే ఆచారం పాఠకులకు ఇక్కడ గుర్తుకు రావచ్చును. కాగితపు ఇల్లు, సేవకుల బొమ్మలు సాధారణంగా అంత్యక్రియల సందర్భంలోనే కాలుస్తారు. తరువాత ఏడు రోజులకు ఒకసారి చొప్పున 49 రోజుల వరకు క్రతువులు జరుగుతాయి.
- చింగ్‌మింగ్: ఏప్రిల్ 4 లేదా 5వ తేదీ ప్రాంతంలో వస్తుంది. కుటుంబసభ్యులు సమాధులను శుభ్రపరచి, ఆహారం ఉంచి, కాగితాలు కాలుస్తారు.
- ఏడవ చాంద్రమాసపు పౌర్ణమి: దీనిని తావో మతస్థులు "జోంగ్‌యువాన్" అని, బౌద్ధులు "యూలాన్" అని పిలుస్తారు. బుద్ధుని శిష్యుడైన మౌద్గల్యాయనుడు ప్రేతలోకంలో ఆకలితో బాధపడుతున్న తన తల్లిని విముక్తురాలిని చేసిన కథ ఈ పండుగకు ఆధారం. ఆయనను చైనీయులు "మూలియెన్" అంటారు. ఈ నెలంతా పరలోక ద్వారాలు తెరచి ఉంటాయని నమ్ముతారు.
- పదవ చాంద్రమాసపు మొదటి రోజు: చలికాలం ప్రవేశించే ఈ సమయంలో ఉత్తర చైనాలో పితరులకు కాగితపు చలిబట్టలు పంపుతారు.

వీటితో పాటు మరణించిన తిథినాడు, నూతన సంవత్సరానికి ముందు కూడా కాల్చడం కలదు. హాంకాంగ్‌లో తొమ్మిదవ చాంద్రమాసపు తొమ్మిదవ రోజున కూడా సమాధులను దర్శించి కాగితాలు కాలుస్తారు.

విధానం

సమాధికి వెళ్లలేనివారు ఇంటి ముందు గాని, నాలుగు దారుల కూడలిలో గాని కాలుస్తారు. ఉత్తర చైనాలో నేలపై సుద్దతోనో, కర్రతోనో ఒక వలయం గీసి, సమాధి ఉన్న దిక్కునకు ఒక ద్వారం విడిచిపెట్టి, వలయంలోపల కాగితం కాలుస్తారు. లోపల కాల్చినది తమవారికే చేరవలెనని దీని ఉద్దేశం. వలయం వెలుపల కొద్దిగా కాల్చినది అనాథ ప్రేతాలకు. కాల్చేటప్పుడు మరణించినవారిని వరుస పెట్టి పిలిచి, డబ్బు తీసుకొనమనీ, ఖర్చులకు వెనుకాడవద్దనీ చెబుతారు.

నైరుతి చైనాలోని కొన్ని ప్రాంతాలలో కాగితపు ధనాన్ని పొట్లాలుగా కట్టి, పైన అందుకొనువారి పేరు, పంపువారి పేరు, బంధుత్వం, తేదీ వ్రాస్తారు. చూచుటకు అవి తపాలా పార్సెళ్ల వలె ఉంటాయి. ఉత్తరాన మరికొన్ని చోట్ల పసుపు కాగితంపై నిజమైన కరెన్సీ నోటును ఉంచి అద్దినట్లు ఒత్తి, ఆ తరువాత కాగితాన్ని కాలుస్తారు. దీనివలన నోటు విలువ కాగితానికి సంక్రమిస్తుందని నమ్మకం. నిజమైన నోటు మాత్రం జేబులోకి తిరిగి వెళుతుంది.

కాగితం పూర్తిగా బూడిద కావలెను. సగం కాలినది పరలోకంలో చెల్లదని అంటారు. కాగితపు ధనాన్ని బ్రతికి ఉన్నవారికి ఇవ్వడం మిక్కిలి అశుభం, అవమానకరం కూడా.

తయారీ

ఈ కాగితాన్ని ఎక్కువగా వెదురు గుజ్జుతో తయారుచేస్తారు. లోహపు రేకుకు జెజియాంగ్ రాష్ట్రంలోని షావోషింగ్ నగరం ప్రసిద్ధి పొందినది. అక్కడి కార్మికులు తగరాన్ని సుత్తులతో కొట్టి పలుచని రేకులుగా సాగదీసేవారు. రేకును కాగితానికి అతికించే పనిని, కడ్డీలుగా మడిచే పనిని ఇళ్లలో స్త్రీలు చేసేవారు.

వెదురు బద్దలతో బొమ్మలు, ఇళ్లు కట్టడం వేరొక వృత్తి. నెలల తరబడి నేర్చిన నైపుణ్యంతో చేసిన వస్తువు కొన్ని నిమిషాలలో బూడిదవుతుంది. కనుక ఈ కళకు సంబంధించిన పాత నమూనాలు చాలా తక్కువగా మిగిలాయి. హాంకాంగ్ ప్రభుత్వం 2017లో ప్రకటించిన అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలోని 20 అంశాలలో ఈ కాగితపు కట్టడపు కళ ఒకటి. 2019లో పారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియంలో తైవాన్ కళాకారులు చేసిన కాగితపు అర్పణలను ప్రదర్శించారు.

పరలోకపు బ్యాంకు నోట్లు

కరెన్సీ నోట్ల వాడుక పెరిగిన తరువాత, ముఖ్యంగా 20వ శతాబ్దంలో, పరలోకపు నోట్లు కూడా వ్యాప్తిలోకి వచ్చాయి. వీటిపై స్వర్గాధిపతి అయిన జేడ్ చక్రవర్తి చిత్రం, పరలోకపు బ్యాంకు పేరు ఉంటాయి. కొన్నింటిపై యన్‌లువో సంతకం కూడా ముద్రిస్తారు. వీటి విలువలు పదివేల నుండి వందల కోట్ల వరకు కలవు.

అనేక నోట్లపై ఆంగ్లంలో "హెల్ బ్యాంక్ నోట్" అని ఉంటుంది. దీనిని చూచి, చైనీయులు తమ పెద్దలు నరకంలో ఉన్నారని భావిస్తారని ఇతరులు పొరబడుతుంటారు. చైనా భాషలోని "దియూ" అనే పదానికి "భూమిలోని చెర" అని అర్థం. మరణించినవారు విచారణ పొంది, తప్పులుంటే శిక్ష అనుభవించి, మరల జన్మించుటకు ముందు గడిపే చోటు అది. శాశ్వత నరకమనే క్రైస్తవ భావన దీనికి వర్తించదు.

కొత్త వస్తువులు

మృతులకు పంపే వస్తువులు కాలంతో పాటు మారుతున్నాయి. పల్లకీ స్థానంలో కారు, గుర్రం స్థానంలో విమానం వచ్చాయి. ఎయిర్ కండిషనర్లు, స్మార్ట్ ఫోన్లు, చార్జర్లు, మహ్‌జాంగ్ ఆట పెట్టెలు, మందుల డబ్బాలు, కట్టుడు పళ్లు సైతం కాగితంతో తయారవుతున్నాయి. మరణించిన వ్యక్తి అలవాట్లను, కోరికలను గుర్తుంచుకొని వీటిని ఎంపిక చేస్తారు. బ్రతికి ఉండగా కొనివ్వలేకపోయిన వస్తువును మరణానంతరం పంపేవారు కూడా కలరు.

2016లో ఇటలీకి చెందిన గుచ్చి సంస్థ, తమ చేతిసంచుల నమూనాలను కాగితంతో చేసి అమ్ముతున్న హాంకాంగ్ దుకాణాలకు హెచ్చరిక లేఖలు పంపినది. మృతుల కొరకు కాల్చే వస్తువును నకిలీ సరుకుగా ఎలా పరిగణిస్తారని విమర్శలు రాగా ఆ సంస్థ క్షమాపణ చెప్పినది.

విమర్శలు, నిషేధాలు

సోంగ్ వంశ కాలపు చరిత్రకారుడు, మంత్రి అయిన సిమా గువాంగ్ (1019 - 1086) ఈ ఆచారాన్ని విమర్శించాడు. పరామర్శకు వచ్చినవారు తెచ్చే కాగితపు ధనమంతా బూడిదవుతుంది గాని దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఉపయోగపడదనీ, దానికి బదులు పూర్వాచారం ప్రకారం అంత్యక్రియల ఖర్చుకు ధనం, వస్త్రాలు సాయం చేయడం మేలనీ ఆయన అభిప్రాయం.

1949 తరువాత చైనా ప్రజా గణతంత్ర ప్రభుత్వం దీనిని మూఢనమ్మకాల కోవలో చేర్చినది. సాంస్కృతిక విప్లవ కాలంలో (1966 - 1976) పితృపూజలు తీవ్రంగా అణచివేయబడ్డాయి. ఆర్థిక సంస్కరణల తరువాత ఆచారం మరల బయటికి వచ్చినది. 1997 నాటి అంత్యక్రియల నిర్వహణ నిబంధనలు మూఢనమ్మకాలకు సంబంధించిన అంత్యక్రియల వస్తువుల తయారీని, అమ్మకాన్ని నిషేధించాయి. అయినను అమ్మకం ఆగలేదు. మరొక వైపు 2008 నుండి చింగ్‌మింగ్‌ను ప్రభుత్వమే జాతీయ సెలవుదినంగా పాటిస్తున్నది. 2023లో జియాంగ్సు రాష్ట్రంలోని నాన్‌టోంగ్ నగర అధికారులు కాగితపు ధనం తయారీ, అమ్మకాలను నిషేధిస్తూ ప్రకటన జారీచేయగా, పెద్దలను స్మరించుకొనే పద్ధతిని మూఢనమ్మకంగా కొట్టివేయరాదని అనేకులు అభ్యంతరం తెలిపారు.

పర్యావరణం

కాగితాలు కాల్చినప్పుడు సూక్ష్మ ధూళికణాలు, హానికరమైన కర్బన సమ్మేళనాలు వెలువడతాయి. రేకులోని లోహాలు బూడిదలో మిగులుతాయి. చింగ్‌మింగ్ సమయంలో కొండలపైనున్న సమాధుల వద్ద నిప్పు వ్యాపించి అడవులు, గడ్డిమైదానాలు అంటుకొనుట హాంకాంగ్, తైవాన్, చైనాలలో తరచుగా ఎదురయ్యే సమస్య.

దీనికి వివిధ పరిష్కారాలు అమలులో ఉన్నవి. తైవాన్‌లో స్థానిక ప్రభుత్వాలు ప్రజల నుండి కాగితపు ధనాన్ని సేకరించి, పొగను శుద్ధిచేసే కొలుములలో ఒకేచోట కాలుస్తాయి. కాగితం కొనే సొమ్మును దానధర్మాలకు ఇవ్వమని కూడా ప్రోత్సహిస్తున్నాయి. తైపేలోని ప్రసిద్ధ షింగ్‌తియన్ ఆలయంలో కాగితపు ధనం కాల్చరు. 2014లో అక్కడ అగరువత్తులు వెలిగించడం కూడా మానివేశారు. సింగపూర్‌లో నివాస భవనాల వద్ద కాల్చుటకు లోహపు తొట్లు ఏర్పాటు చేస్తారు. చైనా నగరాలలో కాగితానికి బదులు పూలు ఉంచమని అధికారులు కోరుతున్నారు.

ఇతర దేశాలలో

వియత్నాంలో కాగితపు అర్పణలను "వాంగ్ మా" అంటారు. హనోయ్ పాత నగరంలోని "హాంగ్ మా" వీధికి ఈ వస్తువుల వ్యాపారం వలననే ఆ పేరు వచ్చినది. 2018లో వియత్నాం బౌద్ధ సంఘం, ఈ ఆచారం బౌద్ధధర్మంలో లేదని పేర్కొంటూ ఆలయాలలో దీనిని మానవలసినదిగా కోరినది. జపాన్‌కు చెందిన ఒకినావా దీవులలో "ఉచికాబి" అనే నాణెపు గుర్తుల కాగితాన్ని పితరుల కొరకు కాలుస్తారు. భారతదేశంలో కలకత్తా చైనీయులు చింగ్‌మింగ్ నాడు తమ శ్మశానవాటికలలో ఈ ఆచారాన్ని పాటిస్తున్నారు.

పండితుల వ్యాఖ్యానాలు

క్రీ.పూ. 3వ శతాబ్దపు తత్వవేత్త షున్‌జీ పితృకర్మలను గూర్చి ఒక భేదం చూపాడు. వివేకవంతులు వీటిని మానవ ధర్మంగా గ్రహిస్తారనీ, సామాన్యులు ప్రేతాలకు సంబంధించిన పనిగా భావిస్తారనీ ఆయన వ్రాశాడు. కాగితపు ధనం ఆయన కాలానికి లేకున్నను ఈ భేదం నేటికీ వర్తిస్తుంది. కాల్చేవారందరూ అది పరలోకానికి చేరుతుందని అక్షరాలా నమ్మరు. పెద్దలు చేశారు కనుక చేసేవారు, కాల్చకపోతే మనసు ఒప్పుకోనివారు కూడా అధికం.

మానవ శాస్త్రవేత్త ఆర్థర్ వుల్ఫ్ 1974లో ప్రచురించిన వ్యాసంలో, తైవాన్ గ్రామీణులకు దేవతలు ప్రభుత్వాధికారుల వంటివారు, పితరులు కుటుంబ సభ్యులు, ప్రేతాలు అపరిచితుల వంటివారని వివరించాడు. బంగారు, వెండి కాగితాల భేదాన్ని అర్థం చేసుకొనుటకు ఈ వివరణ తోడ్పడుతుంది. జానెట్ లీ స్కాట్ హాంకాంగ్ కాగితపు అర్పణలపై 2007లోను, ఫ్రెడ్ బ్లేక్ చైనాలో ధనం కాల్చే ఆచారంపై 2011లోను గ్రంథాలు ప్రచురించారు. విలువలేని కాగితం అర్పణగా విలువ పొందడానికి దానిని కొని, మడచి, ఓపికగా కాల్చే శ్రమ కూడా ఒక కారణమని పరిశోధకులు గుర్తించారు. అందువలననే ముందుగా మడచిన కాగితం అంగళ్లలో దొరుకుతున్నా, అనేక కుటుంబాలు పండుగకు ముందు కలసి కూర్చుండి కడ్డీలను స్వయంగా మడచుకుంటాయి.